ఏం ఫర్వాలేదు!

మన భాషలో అబద్ధాలకి చాలా ముద్దుపేర్లున్నాయి. వాటన్నిటిలోకీ మర్యాదైనది ‘ఏం ఫర్వాలేదు’ అన్నది. ఈ ముక్క అనని తల్లి లేదు, అనని డాక్టరు లేడు, రైలు కళ్ళముందే కదిలిపోతున్నా అనని రిక్షావాడు లేడు.

నా చిన్నతనంలో మా వూరి కాంపౌండరుగారు సూది వేసేముందు, “కళ్ళు మూసుకో బాబూ, చీమ కుట్టినట్టుంటుంది, అంతే” అనేవారు. నమ్మి కళ్ళు మూసుకున్నాను. కుట్టింది చీమ కాదు, మండ్రగబ్బ. సూది నొప్పి సాయంత్రానికి తగ్గిపోయింది. కాని కాంపౌండరుగారి మాట మీద నమ్మకం మాత్రం మళ్ళీ రాలేదు. ఆ తరవాత ఆయన ప్రేమగా పిలిచి పటికబెల్లం ముక్క పెట్టబోయినా వెనక్కి వెనక్కి నడిచేవాణ్ణి.

ఆ కాంపౌండరుగారిని చాలాకాలం తిట్టుకున్నాను. అరవై యేళ్ళు దాటాక నేనూ ఆయన పనే చేశాను. అదీ సొంత అక్కయ్య దగ్గర.

2017 లో అక్కయ్యకి రొమ్ములో గడ్డ కనబడింది. వాళ్ళది ఏలూరు. ఆపరేషను విజయవాడలో అయింది. మా ఇల్లు అక్కడే గనక వైద్యం పూర్తయ్యేదాకా మా ఇంటికి వస్తూ పోతూ వుండేటట్టు ఏర్పాటు. జబ్బు పేరు ఆవిడ దగ్గర దాచలేకపోయాం. దాచాలని లేక కాదు, ఆసుపత్రి గేటు మీదే మూరెడు మూరెడు అక్షరాలతో రాసి వుంది. గాయం మానాక డాక్టరుగారు ఎనిమిదిసార్లు కీమోథెరపీ ఇవ్వాలన్నారు. మూడు వారాలకోసారి. మొదటి నాలుగూ ఒక రకం మందులు, తరవాతి నాలుగూ ఇంకో రకం. వాటివల్ల ఏమేం బాధలు రావచ్చునో అచ్చువేసిన కాగితం ఒకటిచ్చి, చదువుకుని సంతకం పెట్టమన్నారు.

ఆ కాగితం బావగారు చదివారు. మేనల్లుడు చదివాడు. నేను రెండుసార్లు చదివాను. చదవనిది ఒక్క అక్కయ్య.

వరండాలో నిలబడి ముగ్గురం సభ చేశాం. “ఇవన్నీ చెబితే హడలి చస్తుంది. అసలు మందే వద్దంటుంది” అన్నారు బావగారు. “అమ్మకి అసలే బి.పి. కదా మావయ్యా” అన్నాడు మేనల్లుడు. నేను పెద్దవాణ్ణి గనక శాస్త్రం తోడు తెచ్చాను. అప్రియమైన సత్యం పలకకూడదని పెద్దలన్నారు కదా అన్నాను. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. “ఇక్కడ సంతకం పెట్టవే, మామూలు కాగితమే” అని బావగారు వేలు చూపించిన చోట అక్కయ్య సంతకం పెట్టింది.

“సెలైను లాంటిదే అక్కయ్యా. కాస్త నీరసం వుంటుందేమో, అంతే. ఏం ఫర్వాలేదు” అన్నాను నేను.

మొదటి రోజు ఎక్కించిన మందుల్లో ఒకటి ఎర్రగా వుంది. సిస్టరు దాన్ని లావుపాటి సిరంజితో నెమ్మదిగా ఎక్కిస్తూంటే అక్కయ్య చూసి, “ఇదేవిట్రా, రోజ్‌మిల్కులో పోసే ఎసెన్సులా వుంది!” అని నవ్వింది కూడాను. సాయంత్రం ఇంటికొచ్చి కాస్త మజ్జిగన్నం తిని పడుకుంది. మేం ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుని గెలిచామనుకున్నాం.

తెల్లవారుజామున మా ఆవిడ నన్ను తట్టి లేపింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. అక్కయ్య వసారాలో కుర్చీలో బిగుసుకుని కూర్చుని వుందిట. తన బీరువా తాళాలు మా ఆవిడ చేతిలో పెట్టి, “ఇవి మా కోడలికియ్యి. రెండుపేటల గొలుసు మనవరాలికి చెందాలి. ఆయన మందులు మాత్రం వేళకి వేసుకునేటట్టు చూడండి” అన్నదిట.

సంగతేమిటంటే, రాత్రి పదకొండింటికి బాత్రూముకి వెళితే మూత్రం ఎర్రగా వచ్చింది. మళ్ళీ రెండింటికీ అంతే. లోపల ఏదో చితికి రక్తం పోతోందనుకుంది. సెలైను లాంటిదే అన్నాం కదా మేం! సెలైనుకి ఇలా కాదు గనక ఏదో పొరపాటు జరిగిపోయిందనీ, ఇక తెల్లారడమే ఎక్కువనీ నిశ్చయించుకుంది. ఆ రాత్రంతా ఒక్కర్తీ కూర్చుని తన చావు తనే చూసుకుంది.

“మమ్మల్ని లేపకూడదుటే?” అన్నాను, నోరు పెగల్చుకుని.

“మీరందరూ ఫర్వాలేదు ఫర్వాలేదంటున్నారు కదరా. మిమ్మల్నెందుకు హడలగొట్టడం అనుకున్నాను” అంది.

ఆ మాట నాకు ఈనాటికీ గుచ్చుకుంటూనే వుంది. మేం ఆవిడకి ధైర్యం చెప్పామనుకున్నాం. నిజానికి చేసింది ఆవిడ నోరు మూయించడం. ‘ఏం ఫర్వాలేదు’ అని మనం అన్నాక, అవతలి మనిషి ‘నాకు భయంగా వుంది’ అనడానికి చోటెక్కడుంటుంది? ధర్మరాజు ఏనుగు సంగతి గొణిగినట్టు నేనూ ‘నీరసం వుంటుందేమో’ అని ఒక ముక్క గొణిగి, నిజం చెప్పేశానని తృప్తిపడ్డాను. ఆయన రథం నేలకి దిగిందంటారు. నాకు రథం లేదు గనక దిగడానికి ఏమీ లేకపోయింది.

ఆ మర్నాడు ఎలాగూ తెల్లకణాలు పెరగడానికి ఒక ఇంజెక్షను చేయించుకోవాలి. దాంతోపాటు ఇదీ అడుగుదామని ఆసుపత్రికి తీసికెళ్ళాను. అక్కడ పెద్ద సిస్టరు ఒకావిడుంది. యాభై యేళ్ళుంటాయి. సంగతి విని మొదట నవ్వింది. “అది రక్తం కాదమ్మా, మందు రంగు. ఒకటి రెండు రోజులు అలాగే వస్తుంది, పోతుంది. నీళ్ళు బాగా తాగండి” అని అక్కయ్యతో చెప్పింది. తరవాత నావైపు తిరిగి నవ్వు మానేసింది. “కాగితం ఇచ్చాం కదండీ! మీరెవరూ ఆవిడకి చదివి చెప్పలేదా?” అంది. బల్ల కింద ఎలకబొరియ ఏదన్నా వుందేమోనని చూశాను.

అప్పుడు ఆ సిస్టరు స్టూలు లాక్కుని అక్కయ్యకి ఎదురుగా కూర్చుని, అరగంటసేపు పూసగుచ్చినట్టు చెప్పింది. నాకు జ్ఞాపకమున్నంత మటుకు ఇలా చెప్పింది.

“ఈ మందుకి కళ్ళు లేవమ్మా. ఒళ్ళో ఏది గబగబా పెరుగుతోంటే దాన్ని కొడుతుంది. జబ్బు కణాలు గబగబా పెరుగుతాయి, అందుకని వాటిని కొడుతుంది. కాని జుట్టు కుదుళ్ళూ, నోట్లో పొరా, పేగుల్లో పొరా, ఎముకల్లో రక్తం తయారయ్యే మూలుగా కూడా గబగబా పెరిగేవే. వాటికీ దెబ్బ తగులుతుంది. అయితే అవి మళ్ళీ కోలుకుంటాయి. ఆ కోలుకోడానికే మూడు వారాల గడువు.

“వికారం మొదటిరోజునా రావచ్చు, అది తగ్గాక రెండోరోజునుంచి నాలుగైదు రోజులదాకా మళ్ళీ రావచ్చు. వాంతికి మాత్రలు వాంతి వచ్చాక కాదు, రాకముందే, మేం రాసిన వేళకి వేసుకోవాలి. ఆ మాత్రలవల్ల మలబద్ధకం వస్తుంది, అప్పుడు మాకు చెప్పాలి. ఒక మాత్రవల్ల రెండ్రోజులు రాత్రి నిద్ర పట్టకపోవచ్చు, అది మీ దిగులు అనుకోకండి. ఈరోజు ఇంజెక్షనువల్ల నడుమూ తుంటి ఎముకలూ లాగుతాయి. వారం దాటాక నోరు పూయచ్చు, గోరువెచ్చటి నీళ్ళలో కాస్త ఉప్పూ వంటసోడా వేసుకుని పుక్కిలించండి. కారం జోలికి పోకండి. నాలిక మీద ఇనుము పెట్టుకున్నట్టుంటుంది కొందరికి. రెండు మూడు వారాల మధ్య జుట్టు రాలడం మొదలవుతుంది. గోళ్ళు నల్లబడచ్చు. ఇవన్నీ అందరికీ రావు. వచ్చినవాళ్ళకి కూడా అన్నీ ఒకేలా రావు.

“ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఏడో రోజుకీ పధ్నాలుగో రోజుకీ మధ్య తెల్లకణాలు బాగా తగ్గుతాయి. జ్వరం 100.4 డిగ్రీలు తగిలిందా, అర్ధరాత్రయినా సరే బయల్దేరి వచ్చెయ్యాలి. ఇంట్లో మాత్ర వేసుకుని పొద్దున్న చూద్దాం అనుకోకూడదు. మిగతావన్నీ ఓర్చుకునేవి. ఇది ఓర్చుకునేది కాదు.”

నేను అక్కయ్య మొహంకేసి చూస్తున్నాను, ఎప్పుడు కళ్ళు తిరిగి పడుతుందోనని. పడలేదు సరిగదా, “జుట్టు మళ్ళీ వస్తుందాండీ?” అనీ, “పెరుగన్నం తినచ్చా?” అనీ బేరమాడే మనిషిలా రెండు మూడు ప్రశ్నలు వేసింది. ఆటోలో ఇంటికొస్తూ, “ఇంతేనా! ఈ మాత్రానికి రాత్రి తాళాలు కూడా అప్పజెప్పేశాను” అంది.

ఇల్లు చేరగానే గోడకున్న తెలుగు క్యాలెండరు దింపి, పెన్సిలు పుచ్చుకుని కూర్చుంది. తిథీ నక్షత్రం పక్కనే, వర్జ్యం రాహుకాలం వేసిన చోటే, సన్నగా రాసుకుంది. ఇక్కణ్ణించి ఇక్కడిదాకా వికారం. ఇక్కడ నోరు. ఇక్కడ జ్వరం చూసుకోవాలి. ఇక్కడ జుట్టు.

అప్పుడు నాకొకటి తట్టింది. మనం వర్జ్యం ఎందుకు చూసుకుంటాం? ప్రయాణం మానెయ్యడానికి కాదు, బయల్దేరే వేళ మార్చుకోడానికి. వర్జ్యం వుందని ఎవరూ ఏడవరు. ఫలానా గంటకి వస్తుంది, ఫలానా గంటకి పోతుంది అని తెలుసు గనక. మనిషిని కూలదోసేది బాధ ఒక్కటే కాదు. ఇది ఏమిటో, ఎందుకో, ఎప్పుడు పోతుందో తెలియకపోవడం బాధకి వడ్డీ. అసలు మందు వేస్తుంది. వడ్డీ మాత్రం దగ్గరివాళ్ళమే వేస్తాం, ప్రేమకొద్దీ.

జుట్టు సంగతి చెప్పాలి. అక్కయ్యది వొత్తైన జడ. మా మేనత్తగారు చిన్నతనంలోనే పసుపుకుంకాలు పోగొట్టుకుని, ఆనాటి ఆచారం ప్రకారం గుండు చేయించుకుని, ముసుగులోనే బతికి వెళ్ళిపోయింది. ఆవిణ్ణి చూస్తూ పెరిగినవాళ్ళం మేం. భర్త వుండగా ఆ రూపం అంటే మా అక్కయ్య వయసువాళ్ళ గుండెలో ఏమవుతుందో ఈ కాలం పిల్లలకి తెలియదు. క్యాలెండరులో ఆ గడి దగ్గరికి వస్తున్నకొద్దీ ఆవిడ మాటలు తగ్గాయి. పదమూడో రోజున మంగలిని ఇంటికి పిలిపించమంది. “రోజూ దిండు మీదా కంచంలోనూ ఏరుకోలేనురా. రాలిపోవడం వేరు, ఇచ్చెయ్యడం వేరు. వెంకన్నకి అనుకుని ఇక్కడే ఇచ్చేస్తాను. ఈ రోజుల్లో జనంలోకి వెళ్ళద్దంది కదా సిస్టరు, కొండకి తరవాత వెళ్ళి ఆ వెంట్రుకలు హుండీలో వేస్తాను” అంది. బావగారు పక్కగదిలోకి వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం పెరట్లో పీట వేసుకుని తూర్పుమొహంగా కూర్చుంది.

ముందు తెలియకపోయివుంటే ఆ జుట్టు ఆవిడ దగ్గర్నుంచి దొంగిలించినట్టు పోయేది. తెలిసింది గనక మొక్కయింది. పోవడంలో తేడా లేదు. మనిషి తల ఎత్తుకున్న తీరులో తేడా.

అయితే ఇందులో రెండో పక్షం లేదా అంటే, వుంది. బాధ వస్తుంది వస్తుందని చెబితే ఆ చెప్పడంవల్లే వస్తుందని కొందరంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. మూడుసార్లు మందు ఎక్కించుకున్నాక, నాలుగోసారి ఆసుపత్రి సందు మలుపు తిరిగేసరికే అక్కయ్యకి కడుపులో తిప్పడం మొదలెట్టింది. మందింకా సీసాలోనే వుంది. స్పిరిటు వాసన తగలకుండానే వాంతి. ఇది వైద్యులెరిగిన సంగతే. మొదటిసార్లు వికారంతో బాగా అవస్థపడ్డవాళ్ళకి ఇలా రావడం ఎక్కువట. అందుకే మొదటిసారే మాత్రలు సరిగా వేసి అవస్థ లేకుండా చూడాలంటారు. ఆ మాత్రలు రాకముందే వేసుకోవాలన్న సంగతి మేం అక్కయ్యకి ఎప్పుడు చెప్పాం? మొదటిరోజు దాటిపోయాక. కాబట్టి చెప్పినందువల్ల వచ్చిన వాంతులు ఎన్నో, చెప్పనందువల్ల వచ్చినవి ఎన్నో లెక్క తేల్చడం నావల్ల కాదు.

ఇంకొకటి. ఆ ఆసుపత్రిలోనే పక్కకుర్చీలో ఒక రిటైరయిన హెడ్మాస్టరుగారు కూర్చునేవారు. సిస్టరు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, “నాకేం చెప్పకమ్మా. అన్నీ మావాడికి చెప్పు. వచ్చినప్పుడు చూసుకుంటాను” అనేవారు. మరి ఆయనదీ ధైర్యమే. తెలుసుకోకుండా వుండే హక్కు కూడా మనిషికి వుంది. కాని ఆ తలుపు మూసుకున్నది ఆయన. అక్కయ్య తలుపు బయటినుంచి గొళ్ళెం పెట్టింది మేం. తేడా అంతా అక్కడుంది. ‘చెప్పాలా వద్దా’ అని వరండాలో మేం ముగ్గురం తర్కించిన ప్రశ్న, లోపలికెళ్ళి ఆవిణ్ణే అడిగితే తీరిపోయేది. “అక్కయ్యా, నీకు అన్నీ తెలియాలా, కొంచెం కొంచెం చెప్పమంటావా, మాకే వదిలేస్తావా?” అని. అంత చిన్న మాట ఎవరికీ తోచలేదు. ఆయన వద్దన్నా జ్వరం సంగతి మాత్రం హెడ్మాస్టరుగారి అబ్బాయి రాసుకునే వెళ్ళాడు. ఇంట్లో ఒకరికి తెలియకపోతే ప్రాణం మీదికి వచ్చే ముక్క అది.

అసలు మేం ఎందుకంత భయపడ్డాం అని తరవాత ఆలోచించాను. మా తరానికి ఈ జబ్బు పాఠం నేర్పింది సినిమా. 1981 లో ‘ప్రేమాభిషేకం’ చూసి హాల్లో జేబురుమాళ్ళు తడుపుకున్నవాళ్ళం. జబ్బు దాచడమే త్యాగం, దాచినవాడే మహానుభావుడు అని మా మనసులో స్థిరపడిపోయింది. పైగా ఆ రోజుల్లో వాంతులు ఆపే మంచి మందులు లేవన్నది నిజం. ఇప్పుడు అందరూ వాడే ఓండన్‌సెట్రాన్ అమెరికాలోనే 1991 లో గాని అనుమతి పొందలేదు. అంటే మేం అక్కయ్య దగ్గర దాచింది నిజాన్ని. మా బుర్రల్లో వున్నది నలభై యేళ్ళనాటి భయం. నిజం ఆ భయంకన్నా చిన్నది. మనం నిజం చెప్పకపోతే రోగి మనసు ఖాళీగా వుండదు. సినిమా వచ్చి కూర్చుంటుంది.

ఈ మందుల పుట్టుక కూడా దాచుకునేదేం కాదు. 1943 డిసెంబరు 2 న ఇటలీలోని బారి రేవు మీద జర్మన్ విమానాలు బాంబులు వేసినప్పుడు, ఒక అమెరికా ఓడలో రహస్యంగా దాచిన మస్టర్డ్ బాంబులు పగిలాయి. ఓడలో ఏముందో దగ్గరుండి వైద్యం చేసేవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పివుంటే ఒంటికంటిన ఆ విషం ముందే కడిగేసి కొందరినైనా బతికించేవారు. దాని దెబ్బ తిన్నవాళ్ళలో తెల్లకణాలు పడిపోవడం డాక్టర్లు గమనించారు. దాని తోబుట్టువునే అంతకు ముందు యేడాది, 1942 లో, యేల్ విశ్వవిద్యాలయంలో ఒక రోగికి మందుగా ఇచ్చి చూశారు. విషమే మందయింది. తరవాత మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన మందుతో, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు పిల్లలకి కొంతకాలమైనా జబ్బు తగ్గించగలిగాడు. ఆ ఫలితాలు 1948 లో అచ్చయ్యాయి. సుబ్బారావుగారు ఆ యేడే పోయారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో వుంది. నోరు పూయించడంలో అదీ తక్కువ తినలేదు. మన పెరట్లో ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరులోంచి కూడా రెండు మందులు తీశారు. ఈ సంగతులు చెబితే అక్కయ్య, “విషానికి విషమే విరుగుడన్నమాట. ఆ ముక్క ముందే చెబితే సరిపోయేది కదా” అంది.

తరవాతి నాలుగుసార్లూ ఇచ్చిన రెండోరకం మందుకి వాంతులు తగ్గాయి. కాని రెండో మూడో రోజున ఒళ్ళంతా రోకళ్ళతో దంచినట్టుండేది. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. గ్లాసులు జారిపోయేవి, సూదిలో దారం ఎక్కేది కాదు. ఇది వస్తుందనీ, రాగానే చెప్పాలనీ సిస్టరు ముందే చెప్పింది గనక అక్కయ్య దాచుకోలేదు. డాక్టరుగారు మోతాదు కొంచెం తగ్గించారు. ఎవరు ఎంత చెప్పినా మాటల్లో పట్టనిది ఒకటే, అలుపు. పడుకుంటే పోయే అలుపు కాదది. నలభై యేళ్ళు నలుగురికి వండి వడ్డించిన మనిషి, చారు పొయ్యిమీద పెట్టి ఉప్పు చూడమని నన్ను పిలిచేది. ఆవిడ నాలికకి అంతా ఇనుమే. “ఉప్పు సరిపోయిందిట్రా?” అంటే, పాత అలవాటుకొద్దీ నా నోటి చివర ‘ఫర్వాలేదు’ వచ్చేది. మింగేసి, “కాస్త తక్కువైంది” అనేవాణ్ణి. ఆవిడ సంతోషంగా ఇంకో చిటికెడు వేసేది.

ఇప్పుడు అక్కయ్య బాగానే వుంది. జుట్టు మళ్ళీ వచ్చింది, చిత్రంగా కాస్త ఉంగరాలు తిరిగి. కాలివేళ్ళలో తిమ్మిరి మాత్రం మిగిలిపోయింది. కొండకి వెళ్ళి మొక్కు తీర్చుకొచ్చింది.

2022 లో ఓసారి ఏలూరు వెళ్ళాను. ఎదురింటివాళ్ళ కోడలికి ఇదే జబ్బు, మర్నాడు మొదటి కీమో. ఆ పిల్ల అరుగు మీద కూర్చుని వుంది. లోపల మగవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఆ గుసగుస నాకు బాగా తెలిసిన గుసగుస. అక్కయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటింది. ఆ పిల్ల పక్కన చతికిలబడి చెయ్యి పట్టుకుంది.

“ఏమేం వస్తాయో చెప్పమంటావుటే అమ్మాయీ?” అని అడిగింది.

ఆ పిల్ల లోపలికి ఒకసారి చూసి, తల వూపింది.

“అయితే మొదట ఇది విను. నీకూ ఎర్ర మందే అయితే, రేపు రాత్రి బాత్రూములో ఎర్రగా కనబడుతుంది. అది రక్తం కాదు, మందు రంగు. ఒకవేళ భయమేస్తే, ఎన్నిగంటలయినా సరే నాకు ఫోను చెయ్యి. నేను లేచే వుంటాను” అంది అక్కయ్య.